సగంలో ఆపేయండి: భుయ్యాడీహ్ వాళ్ళకి కొన్ని తలకిందుల సలహాలు

పదికాలాల పాటు ఆరోగ్యంగా బతకడానికి ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళకి జంషెడ్‌పూర్‌లోని మా భుయ్యాడీహ్‌లో కొదవ లేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేవమని ఒకరు, పరగడుపున నడవమని ఒకరు, పదివేల అడుగులు పూర్తయ్యేదాకా ఇంటి ముఖం చూడొద్దని ఒకరు చెప్తారు. చొక్కా పిండితే నీళ్ళు కారాలని, ఒక్కరోజు మానితే అప్పటిదాకా చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరేనని ఇంకొకరు భయపెడతారు. ఈ సలహాలన్నిటికీ నేను ఎదురు చెప్తున్నాను. తక్కువ చెయ్యండి. చలికాలంలో ఆలస్యంగా లేవండి. తిని నడవండి. అడుగులు లెక్కపెట్టకండి. పార్కుకి వెళ్ళలేకపోతే వెళ్ళకండి. డెబ్బై ఏళ్ళ మావయ్య చేతిలోంచి బియ్యం సంచి లాక్కోకండి. ఇవన్నీ పనులు చెడగొట్టే మాటల్లా వినపడతాయని తెలుసు. ఒక్కోదానికీ కారణం చెప్తాను.

ఏటా జనవరి ఒకటిన కొత్త బూట్లు కట్టుకుని బయల్దేరినవాళ్ళు సరస్వతీ పూజ పందిళ్ళు లేచేసరికి వీధిలో కనపడరు. వాళ్ళని బద్ధకస్తులని అనుకోవడం తప్పు. బద్ధకస్తుడు చలిలో అసలు గుమ్మం దాటడు. వాళ్ళు మొదటిరోజే ఒంట్లో ఉన్నదంతా ఖర్చుపెట్టేశారు. రెండోరోజు పిక్కలు పట్టేశాయి, మూడోరోజు మోకాలు వాచింది, నాలుగోరోజు నుంచి డ్యూటీకి నడవడమే కష్టమైంది. ఇక మనసు ఒప్పుకోదు. ఎక్కువ చెయ్యమని చెప్పిన ప్రతి మంచి సలహా ఒక మనిషిని ఇలా ఇంట్లో కూర్చోబెడుతోంది. అందుకే నా మొదటి సలహా, మిగతా సలహాలన్నీ దాన్నుంచే పుట్టినవి, ఇది: ఇంకా ఓపిక ఉండగానే ఆపేయండి.

ఇది నేను కనిపెట్టిన మాట కాదు. సుశ్రుతుడు, వాగ్భటుడు వ్యాయామానికి పెట్టిన హద్దు ఉన్న బలంలో సగం. ఆ సగం ఎక్కడుందో తెలిసే గుర్తు కూడా సుశ్రుతుడు చెప్పాడు: ఊపిరి ముక్కుతో చాలక నోటికి వస్తే సగం బలం అయిపోయినట్టు. అక్కడ ఆగాలి. దాటితే మేలు బదులు కీడు. వాగ్భటుడు ఇంకో మెట్టు ముందుకి వెళ్ళాడు. చలికాలంలో, వసంతంలో సగం బలం దాకా చెయ్యొచ్చు గానీ మిగతా కాలాల్లో అంతకన్నా తగ్గించమన్నాడు. మే నెలలో నలభై డిగ్రీలు దాటిన ఎండలో, 'లూ' గాలి కొడుతుంటే, సీతారామ్‌డేరా వైపు పరుగెత్తే కుర్రాళ్ళని చూసినప్పుడల్లా నాకు ఆ మాట గుర్తుకొస్తుంది.

ఈ కాలపు వైద్యులు చెప్పే గుర్తు ఇంకా సులువు, దాన్ని మాట పరీక్ష అంటారు. నడుస్తూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, కానీ పాట పాడబోతే ఊపిరి చాలకూడదు. ఆ మధ్యలో ఉన్నదే మితమైన వ్యాయామం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్ళకి ఇలాంటిది వారానికి 150 నుంచి 300 నిమిషాలు కావాలి. కింది అంకె తీసుకుంటే రోజుకి అరగంట చొప్పున ఐదు రోజులు. అంతకు ముందు ఒక్కో విడత కనీసం పది నిమిషాలైనా ఉంటేనే లెక్క అనేవారు. ఈ సూచనల్లో ఆ షరతు కూడా లేదు. ఐదు నిమిషాల నడకా లెక్కలోకి వస్తుంది.

మాట్లాడగలిగేంత నెమ్మదిగా నడిస్తే ఒంట్లో ఏం జరుగుతుందో అర్థం చేసుకోవడానికి మన తెలుగువాడే దారి చూపించాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలో ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ని బయటపెట్టాడు. కండరానికి నేరుగా శక్తినిచ్చే ఏటీపీని కూడా 1929లో అదే ప్రయోగశాలలో వేరుచేశారు. కండరంలో నిలవ ఉండే ఏటీపీ చాలా తక్కువ. ఉన్నట్టుండి లగెత్తితే దాన్ని తిరిగి నింపేది ఫాస్ఫోక్రియాటిన్. అదీ పది సెకన్లకి మించి పెద్దగా రాదు. ఆ తర్వాత కూడా అదే జోరుతో పోతే ఆక్సిజన్ చాలకుండానే చక్కెర కరగాలి, అప్పుడే రొప్పు, అప్పుడే కాళ్ళు బిగుసుకోవడం. నెమ్మదిగా నడిచేవాడికి గుండె, ఊపిరితిత్తులు అందించే ఆక్సిజన్ సరిపోతుంది. కొవ్వు, చక్కెర రెండూ నిదానంగా ఖర్చవుతాయి. గంట నడిచినా మర్నాడు లేవగలడు. మర్నాడు లేవడమే కావలసింది.

మా వీధిలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాల్లో పెద్దవాళ్ళు పిల్లలకి కోడి రామ్మూర్తి నాయుడు కథలు చెప్తారు. వీరఘట్టంలో పుట్టినవాడు, గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకున్నవాడు, ఒంటికి చుట్టిన ఇనప గొలుసుల్ని ఊపిరి బిగబట్టి తెంచినవాడు. చెప్పండి, తప్పకుండా చెప్పండి. అయితే ఏనుగు దగ్గరే ఆపకండి. ఆయన చిన్నప్పటి నుంచి కసరత్తు చేశాడని, ప్రాణాయామం సాధన చేశాడని, వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాడని కూడా చెప్పండి. ఏనుగు నిలబడింది సర్కస్ డేరాలో కాసేపు. దాని వెనక ఏళ్ళ తరబడి సాగిన రోజువారీ సాధన ఉంది. పిల్లలకి ఏనుగు మాత్రమే గుర్తుంటే మొదటిరోజే బరువైన డంబెల్ ఎత్తి నడుం పట్టేయించుకుంటారు.

ఇక నాలుగింటికి లేవడం. డిసెంబరు, జనవరిలో మా వైపు తెల్లవారుజామున బయటికొస్తే ఏం కనిపిస్తుందో ఇక్కడివాళ్ళకి చెప్పనక్కర్లేదు. నది మీంచి లేచిన మంచు, బస్తీల్లో అంటించిన బొగ్గు పొయ్యిల పొగ, రోడ్డు పక్క చలిమంటల పొగ, లారీల దుమ్ము అన్నీ కలిసి తలెత్తు మీద ఆగిపోతాయి. చలి రాత్రి నేల దగ్గరి గాలి చల్లబడి బరువెక్కుతుంది. దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది, పొగ పైకి పోలేదు. ఎండ వచ్చి నేల వేడెక్కితేనే ఆ మూత లేస్తుంది. వేగంగా నడిచేవాడు మామూలు కన్నా ఎక్కువ గాలి పీలుస్తాడు, అంటే ఎక్కువ పొగ కూడా పీలుస్తాడు. ఉబ్బసం ఉన్నవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు చలికాలం తెల్లవారుజామున నడవడం మంచి అలవాటు కాదు, ప్రమాదం. ఎండ పొడ వచ్చాక బయల్దేరండి, లేదా మధ్యాహ్నం పొద్దు వాలకముందు నడవండి. వేసవిలో ఇది పూర్తిగా తిరగబడుతుంది. ఎనిమిదింటికే ఎండ మాడుస్తుంది కనుక అప్పుడు ఆరుకి ముందే ముగించుకోవాలి, కుదరకపోతే సాయంత్రం పొద్దుపోయాక నడవాలి. ఏ కాలంలోనైనా గడియారాన్ని కాక ఆకాశాన్ని చూసి బయల్దేరండి.

నైట్ డ్యూటీ వాళ్ళ సంగతి వేరే చెప్పాలి. ఈ ఊళ్ళో ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు అని వారాలు తిరుగుతూ ఉంటే ప్రతిరోజూ ఒకే వేళకి వ్యాయామం చెయ్యాలనే నియమం ఎవరికి సాగుతుంది? రాత్రంతా మేలుకుని పొద్దున్నే ఇంటికొచ్చిన మనిషిని పట్టుకుని "ఏటి మావయ్యా, ఈవేళ నడకకి రావా?" అని అడగడం తప్పు. ఆయనకి అప్పుడు కావలసింది కర్టెన్లు దించిన చీకటి గది, చప్పుడు చెయ్యని ఇల్లు. నిద్ర తెగ్గోసి నడిచిన నడక వల్ల రక్తపోటు తగ్గదు. సాయంత్రం లేచాక, డ్యూటీకి బయల్దేరే ముందు, ఇరవై నిమిషాలు నడిస్తే ఆ వారానికి అది చాలు. ఆ వారం అదీ కుదరకపోతే ఆఫ్ రోజున కాస్త ఎక్కువసేపు నడవండి. వారం మొత్తం శ్రమనీ ఒకటి రెండు రోజుల్లో చేసేవాళ్ళకి కూడా అసలేమీ చెయ్యనివాళ్ళ కన్నా అకాల మరణం ముప్పు తక్కువగా ఉందని బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరిశీలన 2017లో తేల్చింది. రోజూ చెయ్యడం మేలు, కానీ రోజూ కుదరనివాడికి దారి మూసుకుపోలేదు.

అసలు వ్యాయామం చెయ్యొద్దని నేను చెప్పేది ఒక వర్గానికి ఉంది. రోజంతా ఇనుము మోసే, సిమెంటు బస్తాలు దించే, లారీలు నింపే ఠేకా కూలీలకి. సాయంత్రం ఇంటికొచ్చిన మనిషికి ఒళ్ళు ఎలాగూ నొప్పులు పడుతుంటే ఆరోగ్యం కోసం ఇంకా కష్టపడమనడం దయలేని మాట. విశ్రాంతి లేకుండా గంటల తరబడి చేసే బరువు పని, ఇష్టంగా అరగంట నడిచిన నడకలాంటి మేలు గుండెకి చెయ్యడం లేదని డెన్మార్క్‌తో సహా ఐరోపాలో జరిగిన పరిశోధనలు చెప్తున్నాయి. అలాంటివాళ్ళకి కావలసినవి నిద్ర, నీళ్ళు, పప్పు, మజ్జిగ, పనిమధ్యలో కూర్చునే వీలు, వారానికో సెలవు. ఇనుము మోసే మనిషికి ఇవి చూడాల్సింది ఆయన కాదు, ఆయన చేత పని చేయించేవాళ్ళు.

పదివేల అడుగుల సంగతికొస్తే, ఆ అంకె వైద్యుల దగ్గర్నుంచి వచ్చింది కాదు. టోక్యో ఒలింపిక్స్ తర్వాత 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రాన్ని ఆ అంకె పేరుతో అమ్మింది. అలా అది జనంలో నిలిచిపోయింది. అమెరికాలో ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్ళ వయసున్న పదహారు వేల మందికి పైగా స్త్రీల అడుగులు లెక్కపెట్టి 2019లో ఫలితాలు ప్రచురించింది. రోజుకి సుమారు 2,700 అడుగులు వేసేవాళ్ళతో పోలిస్తే 4,400 వేసేవాళ్ళలో మరణాలు బాగా తక్కువ. 7,500 దాటాక అదనపు మేలు కనపడలేదు. డెబ్బై దాటిన అవ్వకి పదివేలు చెప్పి భయపెట్టడం కన్నా ఇప్పుడు వేసే దానికి ఇంకో వెయ్యి కలపమని చెప్పండి. అది ఆవిడ వల్ల అవుతుంది.

పార్కు గురించి చెప్పేముందు ఈ ఊరి పుట్టుక చెప్పాలి. ఊరు ఇంకా కాగితం మీదికి కూడా రాకముందు, 1902లో, జంషెట్జీ టాటా కొడుకు దోరాబ్జీకి ఉత్తరం రాశాడు. వెడల్పాటి వీధులు వెయ్యమని, నీడనిచ్చే చెట్లు పెట్టమని, ఫుట్‌బాల్‌కి, హాకీకి, పార్కులకి పెద్ద జాగాలు ఉంచమని అందులో కోరాడు. ఆయన 1904లో పోయాడు, ఊరిని చూడలేదు. ఆ దోరాబ్జీయే భారత ఒలింపిక్ సంఘానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. 1958లో, టాటా ఉక్కు కంపెనీ స్వర్ణోత్సవ సందర్భంగా, జుబిలీ పార్క్ వచ్చింది. పొద్దున్నా సాయంత్రం దాని బాటలు నడిచేవాళ్ళతో నిండి ఉంటాయి. అది గొప్ప వరం, నేను కాదనను.

కానీ భుయ్యాడీహ్ నుంచి అక్కడికి వెళ్ళాలంటే సాక్చి దాటాలి. ఆటో ఎక్కాలి, బండి తియ్యాలి. నడక కోసం ఆటో ఎక్కే అలవాటు ఎన్నాళ్ళు నిలుస్తుంది? వాన పడిన రోజు పోతుంది, చిల్లర లేని రోజు పోతుంది, ఇంటికి చుట్టాలొచ్చిన రోజు పోతుంది. అందుకే పార్కు కోసం ఎదురు చూడకండి. సాక్చి బజారుకి కూరగాయలకి నడిచి వెళ్ళి, బరువైతే ఆటోలో రండి. ఆటో దిగాల్సిన చోటు కన్నా ఒక స్టాప్ ముందే దిగండి. బిష్టుపూర్ రామమందిరానికి వెళ్ళే రోజున అక్కడ బజారంతా నడిచి చూడండి.

పనిలో కలిసిపోయిన కదలిక విలువ ఏపాటిదో మొదట గట్టిగా చూపించినవి లండన్ బస్సులు. జెరెమీ మోరిస్ అనే వైద్యుడు 1953లో ప్రచురించిన పరిశోధనలో రెండంతస్తుల బస్సుల డ్రైవర్లని, కండక్టర్లని పోల్చాడు. ఇద్దరిదీ అదే బస్సు, అదే ఊరు, దాదాపు అలాంటి జీతమే. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు, కండక్టరు రోజంతా మెట్లెక్కి దిగుతాడు. గుండెపోట్లు కండక్టర్లలో తక్కువ, వచ్చినవాళ్ళలో కూడా అప్పటికప్పుడు పోయినవాళ్ళు తక్కువ. కండక్టరు జిమ్ముకి వెళ్ళలేదు, టిక్కెట్లు కొట్టాడు. మా ఊళ్ళో కూడా ఒక తరం ముందు సైకిలు మీద కంపెనీ గేటు దాకా వెళ్ళి, లోపల మైళ్ళు నడిచి పనిచేసినవాళ్ళ పిల్లలు ఇవాళ బండి మీద వెళ్ళి కంప్యూటర్ తెర ముందు కూర్చుంటున్నారు. పోయిన ఆ కదలికని ఎక్కడో ఓచోట తిరిగి తెచ్చుకోవాలి.

ఇక్కడ ఆడవాళ్ళ గురించి కొంచెం ఆగి చెప్పాలి. "ఇంటి చాకిరీ చేస్తూనే ఉన్నాను కదా, మళ్ళీ నడకేటి నాకు?" అంటుంది మా వీధిలో పిన్ని. ఆవిడ మాట కాదనడానికి లేదు. కుళాయి వచ్చేవేళకి లేచి బకెట్లు నింపి, ఏ షిఫ్టు మనిషికి డబ్బా కట్టి, పిల్లల్ని బడికి పంపి, బట్టలుతికి మేడ మీద ఆరేసి, సాయంత్రానికి మళ్ళీ పొయ్యి దగ్గరికి వస్తుంది. గచ్చు తుడవడం, నీళ్ళు మోయడం, మెట్లెక్కడం అన్నీ వ్యాయామం లెక్కలోకే వస్తాయి. అయినా ఇంట్లో మగవాళ్ళు "నీకు ఇంటి పనే వ్యాయామం" అని చెప్పి తాము పార్కుకి వెళ్ళిపోవడం నాకు నచ్చదు. ఆ పనిలో ఎక్కువభాగం ఒంగి, నిలబడి, ఒకే చోట చేసేది. నడుం, మెడ అరుగుతాయి గానీ గుండె వేగం పుంజుకునేది తక్కువసేపే. పైగా ఆ పని ఆవిడకి విశ్రాంతి ఇవ్వదు, మనసు తేలిక చెయ్యదు. నడక ఇస్తుంది. కాబట్టి ఆ ఇంటికి నా సలహా వ్యాయామం గురించి కాదు. సాయంత్రం అరగంట అన్నం గిన్నె మీరు దించండి, పిల్లవాడి లెక్కలు మీరు చూడండి. పిన్ని, పక్కింటి అక్క, ఎదురింటి వదిన ముగ్గురూ కలిసి వెలుతురున్న రోడ్డు మీద మాట్లాడుకుంటూ నడిచి వస్తారు. కబుర్లు చెప్పుకుంటూ నడిస్తే అది నడకే కాదనేవాళ్ళు మాట పరీక్ష గురించి వినలేదు. ఆగకుండా మాట్లాడగలుగుతున్నారంటే, కాస్త అడుగు పెంచితే చాలు, సరిగ్గా ఉండాల్సిన వేగంలో ఉంటారు.

తిన్న వెంటనే కదలకూడదని, కాస్త నడుం వాల్చాలని మన ఇళ్ళలో అంటారు. దీనికీ ఎదురే చెప్తాను. భోజనమైన కాసేపటికి పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా పచార్లు చెయ్యండి. అన్నం తిన్నాక రక్తంలో చక్కెర పెరిగే వేళకి కాళ్ళ కండరాలు కదిలితే ఆ చక్కెరలో కొంత అవి తీసుకుంటాయి. మూడు పూటలా అన్నం తినే మనకి ఇది బాగా పనికొస్తుంది. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, చక్కెరని బాగా దించే మాత్రలు వేసుకునేవాళ్ళు పరగడుపున దూరం నడవకూడదు. కళ్ళు తిరిగి రోడ్డు మీద పడిపోయే ప్రమాదం ఉంది. జేబులో నాలుగు బెల్లం ముక్కలో గ్లూకోజు పొట్లమో ఉంచుకోండి, డాక్టరుతో మాత్రల వేళ మాట్లాడుకోండి.

బరువు తగ్గాలని మాత్రం నడవకండి. అరగంట నడకకి ఖర్చయ్యేది రెండు లిట్టీలు తింటే తిరిగొచ్చేస్తుంది. నెల తిరిగేసరికి తూకం యంత్రం కదలకపోతే నిరాశపడి నడకే మానేస్తారు. బరువు తగ్గకపోయినా నడిచేవాళ్ళకి రక్తపోటు, చక్కెర, నిద్ర, మనసు మెరుగవుతాయి. ఆ మేలు తూకంలో కనపడదు.

ఇప్పుడు పెద్దవాళ్ళ గురించి, ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ప్రేమతో మనం వాళ్ళని కూర్చోబెట్టేస్తున్నాం. అవ్వ చేటలో బియ్యం పోసుకుని నేల మీద కూర్చుని రాళ్ళు ఏరుతుంటుంది. కోడలు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి "కింద ఎందుకత్తా, నడుం పట్టేస్తుంది, ఇక్కడ కూర్చో" అంటుంది. మనసు మంచిదే. కానీ అవ్వ నేల మీంచి లేవడం ఒకసారి గమనించండి. చేట పక్కన పెడుతుంది. ఒక కాలు మడిచి మోకాలి మీదికి వస్తుంది. రెండో పాదం నేలకి ఆనిస్తుంది. ఒక చెయ్యి తొడ మీద పెట్టి, నడుం ముందుకి వంచి, తొడ కండరం బిగించి ఒంటి బరువంతా పైకెత్తుతుంది. లేచాక ఒక్క క్షణం తూలకుండా నిలబడుతుంది. తొడ, పిరుదు, నడుం, మడమ, చెవిలో తూకం చూసే భాగం, అన్నీ ఆ ఒక్క లేవడంలో పనిచేశాయి. రోజుకి పదిసార్లు కింద కూర్చుని లేచే అవ్వ ఎవరూ చెప్పకుండానే కండరాల వ్యాయామం చేస్తోంది. బ్రెజిల్‌లో క్లాడియో గిల్ అరౌజో అనే వైద్యుడు రెండువేల మందికి పైగా నేల మీద కూర్చుని లేచే తీరుని మార్కులు వేసి చూసి 2012లో ప్రచురించాడు. చేతుల సాయం తక్కువ తీసుకుని లేవగలిగినవాళ్ళు తర్వాతి సంవత్సరాల్లో ఎక్కువమంది బతికి ఉన్నారు. కుర్చీ ఇచ్చిన రోజు నుంచి ఆ అభ్యాసం ఆగిపోతుంది. కొన్నాళ్ళకి ఆవిడ కింద కూర్చోలేదు, ఇంకొన్నాళ్ళకి కుర్చీలోంచీ చెయ్యి పట్టుకుని లేపాలి.

మోకాలు మార్పిడి అయినవాళ్ళు, డాక్టరు వద్దన్నవాళ్ళు కింద కూర్చోకూడదు, నిజమే. అలాంటివాళ్ళకి కుర్చీతోనే వ్యాయామం ఉంది. చేతులు లేని గట్టి కుర్చీని గోడకి ఆనించి పెట్టండి, జారకూడదు. ముందుకి జరిగి అంచు మీద కూర్చోవాలి, పాదాలు కొంచెం వెనక్కి, రెండూ నేలకి గట్టిగా ఆనాలి. ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకి వంగి, చేతుల సాయం లేకుండా లేవాలి. ఊపిరి బిగబట్టకూడదు. లేస్తూ గాలి వదలాలి. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా నెమ్మదిగా దిగాలి, కండరానికి బలం అక్కడ కూడా వస్తుంది. మొదట ఐదుసార్లు చాలు. ఐదు తేలికైతే ఎనిమిది, ఆ తర్వాత పది. మోకాళ్ళ అరుగుదల ఉన్నవాళ్ళు నొప్పికి భయపడి పూర్తిగా కదలడం మానేస్తారు, దానివల్ల తొడ కండరం సన్నబడి మోకాలి మీద భారం ఇంకా పెరుగుతుంది. కొంచెం నొప్పి ఉన్నా మెల్లగా కదల్చడమే మందు. మర్నాటికి నొప్పి ఎక్కువైతే సంఖ్య తగ్గించండి.

మావయ్య రేషన్ బియ్యం సంచి అందుకోబోతే "మీకెందుకు, ఉంచండి" అని లాక్కుంటారు. సంచి పెద్దదైతే రెండుగా చేసి ఒకటి ఇవ్వండి. అరవై దాటాక కండరం ఏటేటా కరుగుతుంది, బరువు తగిలితేనే నిలుస్తుంది. వారంలో కనీసం రెండు రోజులు కండరాలకి పని పెట్టమని, అరవై ఐదు దాటినవాళ్ళు వారంలో మూడు రోజులైనా నిలకడ కోసం సాధన చెయ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడం ఇందుకే. వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది లెక్కపెట్టేదాకా నిలబడడం, గోడ పక్కన మడమకి కాలివేళ్ళు ఆనించి గీత గీసినట్టు నడవడం, ఇవి చాలు. పెద్దవయసులో మనిషిని మంచాన పడేసేది తుంటి ఎముక విరగడం. దానికి ముందు జరిగేది స్నానాల గది గుమ్మం దగ్గర ఒక చిన్న తూలుడు. ఆ తూలుడు ఆపుకునే బలం మందుల షాపులో దొరకదు.

ఒకరోజు మానేస్తే ఏమీ కాదు. పెళ్ళికి శ్రీకాకుళం వెళ్ళి వారం మానినా ఏమీ కాదు. జ్వరం వచ్చినప్పుడు తప్పకుండా మానండి. ఒళ్ళు వేడిగా ఉండగా, గొంతు కింద ఛాతీలో దగ్గు ఉండగా కసరత్తు చెయ్యడం గుండె కండరానికి మంచిది కాదు. జ్వరం పూర్తిగా తగ్గి, అన్నం రుచి తెలిసి, మెట్లెక్కితే ఆయాసం రాదనిపించాక మొదలుపెట్టండి. మానిన రోజుల బాకీ తీర్చడానికి రెట్టింపు నడవకండి.

చివరిగా, ఎక్కడ అసలు లెక్క చూడకుండా ఆగాలో చెప్తాను. నడుస్తుండగా ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, బిగించినట్టు అనిపించినా, ఆ నొప్పి ఎడమ చేతికో దవడకో వీపుకో పాకినా, చల్లటి చెమటలు పట్టినా, మామూలు కన్నా తక్కువ దూరానికే ఊపిరాడకపోయినా, అది గ్యాస్ అనుకుని వాము నమలొద్దు. మధుమేహం ఉన్నవాళ్ళకి, ఆడవాళ్ళకి గుండెపోటు నొప్పి లేకుండా ఒట్టి ఆయాసం, వికారం, విపరీతమైన నీరసంగానే రావచ్చు. అక్కడే కూర్చోండి. ఇంటిదాకా నడిచి వెళ్ళి చెప్దామనుకోవద్దు, స్కూటరు తీసి ఒంటరిగా ఆసుపత్రికి పోవద్దు. పక్కన ఎవరున్నా, తెలిసినా తెలియకపోయినా, చెయ్యెత్తి పిలవండి. 108కి ఫోన్ చేయించండి. మీరు వేసుకునే మాత్రల పేర్లు, ఇంటివాళ్ళ ఫోన్ నంబరు రాసిన చీటీ నడకకి వెళ్ళే చొక్కా జేబులో, చీర కొంగున, ఎప్పుడూ ఉండాలి. ఆ చీటీ ఇవాళే రాసి పెట్టుకోండి.